చెప్పని పాఠం: పటాన్‌చెరు నుంచి సైబరాబాద్ దాకా

ఈ వ్యాసం రాయడానికి ఒక స్వంత కారణం వుంది. దాన్ని ముందే చెప్పుకోవడం న్యాయం.

పాత మెదక్ జిల్లాలో ముప్పై యేళ్ళకు పైగా నేను జీవశాస్త్రం చెప్పాను. పదవ తరగతి పుస్తకంలో ప్రత్యుత్పత్తి పాఠం ప్రతి సంవత్సరమూ వచ్చేది. మందార పువ్వును నిలువునా కోసి, కేసరాలూ అండకోశమూ చూపించి, నల్లబల్ల మీద బొమ్మ గీసి మరీ చెప్పేదాన్ని. మనిషి దగ్గరికి వచ్చేసరికి "ఇది ఇంటి దగ్గర చదువుకోండి, ముఖ్యమైన ప్రశ్నలకు జవాబులు రాయిస్తాను" అని పుస్తకం మూసేదాన్ని. మగపిల్లలు నవ్వుతారన్న భయం కొంత, హెడ్మాస్టరు ఏమంటారోనన్న జంకు కొంత, అన్నిటికన్నా ఎక్కువగా నా సిగ్గు. అది నా ఒక్కదాని సిగ్గే అయితే ఇక్కడ రాయవలసిన పని లేదు. ఒక వ్యవస్థ నా చేత ఆ పని చేయించుకుందని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఉద్యోగ విరమణ తరువాత కొండాపూర్‌లో మా చెల్లెలి ఇంట్లో వుంటున్నాను. రెండేళ్ళ కిందట హైటెక్ సిటీ బస్టాపులో ఒక స్త్రీ నన్ను గుర్తుపట్టి పలకరించింది. నా దగ్గర పదవ తరగతి చదివిన పిల్ల. ఒక ఐటీ భవనంలో కాంట్రాక్టరు కింద నేల తుడిచే పని చేస్తోంది. వయస్సు ముప్పై యెనిమిది; చూస్తే యాభై దాటినట్టుంది. నడుము నొప్పి, కీళ్ళ నొప్పులు, రాత్రిళ్ళు ఒంట్లోంచి సెగలు అని చెప్పింది. ఎప్పటినుంచి అని అడిగితే తేలిగ్గా అంది: "సంచి తీసేసి పదేండ్లయింది టీచర్. అప్పటిసంది."

తెల్లబట్ట అవుతోందని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళిందట. "స్కానింగ్ తీసి సంచి కరాబైందన్నరు. ఇడిసిపెడితే క్యాన్సర్ అయితదన్నరు. ఇద్దరు పిల్లలైన్రు గద, ఇగ సంచితోని ఏం పని అన్నరు. నాకూ నిజమే అనిపిచ్చింది." కాసేపు ఆగి నన్నే అడిగింది: "సంచి అంటే పిల్లల కోసమే గద, టీచర్?"

ఆ ప్రశ్నకు జవాబు ఆమె పదవ తరగతిలో వున్నప్పుడు నేను చెప్పవలసింది. చెప్పలేదు. ఆ జవాబు కోసం వెనక్కి వెతుక్కుంటూ పోతే నాకు దొరికింది ఒక చరిత్ర. స్త్రీ శరీరం గురించిన జ్ఞానం ఎవరి దగ్గర పోగుపడింది, ఎవరికి చేరలేదు, చేరవేయాలని ప్రయత్నించినప్పుడు ఏమయింది అన్న చరిత్ర. అందులో ముఖ్యమైన ఘట్టాలు కొన్ని మన హైదరాబాద్ పడమటి అంచునే, ఇవాళ సైబరాబాద్ అని పిలిచే ప్రాంతానికి కూతవేటు దూరంలో జరిగాయి.

పేర్లు పెట్టినవారు

1884లో వెలువడిన తన ప్రసిద్ధ గ్రంథపు ముందుమాటలో ఎంగెల్స్, మనుషుల బతుకుతెరువు ఉత్పత్తితో పాటు మనుషుల పునరుత్పత్తిని కూడా చరిత్రను నిర్ణయించే అంశంగా పేర్కొన్నాడు. మొదటి సగాన్ని మనం ఎన్నో సభలలో చర్చించుకున్నాం. రెండవ సగం జరిగే చోటు గురించి మాట్లాడుకున్నది తక్కువ.

ఆ చోటు పెద్దదేమీ కాదు. గర్భం లేనప్పుడు గర్భాశయం తలకిందులుగా పెట్టిన జామకాయంత వుంటుంది. పొడవు ఏడెనిమిది సెంటీమీటర్లు, బరువు యాభై అరవై గ్రాములు. నెలలు నిండేసరికి అదే కండరం దాదాపు ఒక కిలో బరువుకు పెరుగుతుంది. కాన్పు తరువాత ఆరు వారాలలో మళ్ళీ దాదాపు పూర్వపు పరిమాణానికి వస్తుంది. దానికి ఇరువైపులా పది పన్నెండు సెంటీమీటర్ల నాళాలు. వాటి చివర బాదం గింజ ఆకారంలో రెండు అండాశయాలు. తల్లి కడుపులో అయిదు నెలల ఆడపిండం అండాశయాలలో అరవై డెబ్భై లక్షల అండకణాలు వుంటాయి. పుట్టేనాటికి పది ఇరవై లక్షలు, రజస్వల అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. జీవితకాలంలో పక్వమై విడుదలయ్యేవి సుమారు నాలుగు వందలు. కొత్తవి తయారు కావు.

ఈ మాత్రం తెలుసుకోవడానికి విజ్ఞానశాస్త్రానికే చాలా కాలం పట్టింది. ఇటలీలో ఫలోపియో నాళాలను వర్ణించింది 1561లో. హాలండ్‌లో డి గ్రాఫ్ అండాశయంలోని బుడగలను వివరించింది 1672లో. క్షీరదాల అండాన్ని ఫన్ బేర్ సూక్ష్మదర్శినిలో చూసింది 1827లో. నాళానికి ఒకరి పేరు, బుడగకు ఇంకొకరి పేరు స్థిరపడ్డాయి. అండం నెలలో ఎప్పుడు విడుదల అవుతుందో జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో క్నౌస్ తేల్చింది 1920ల లోనే. పంతొమ్మిదవ శతాబ్దపు యూరప్ వైద్యులలో చాలామంది ముట్టు రోజుల చుట్టుపక్కలే గర్భం వస్తుందని నమ్మి, అలాగే సలహాలిచ్చారు. అంటే, స్త్రీకి ఏమీ తెలియదని శాసించిన కాలంలో శాసించినవారికి తెలిసినది కూడా సగమే.

మన దగ్గర కాన్పుల అనుభవమంతా మంత్రసాని చేతులలో వుండేది. ఆమె ఎక్కువగా కింది కులాల స్త్రీ. ఆమె పనిని సమాజం ఎలా చూసిందో మన సామెతలే చెబుతాయి. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలి అన్నది ఎగతాళిగానే వాడుకలో నిలిచింది. ఆమె పద్ధతులలో ప్రమాదకరమైనవి వున్నమాట నిజం. అయితే ఆసుపత్రి వచ్చి ఆమెను తొలగించినప్పుడు, ఆమెకు తెలిసినదాన్ని శాస్త్రంతో సరిదిద్ది స్త్రీలకు అందించే పని మాత్రం జరగలేదు. తెలుసుకునే హక్కు ఒక చేతి నుంచి ఇంకొక చేతికి మారింది. కాన్పు పడే స్త్రీ చేతికి రాలేదు.

ఆ దారి మార్చాలని చూసినవారు లేకపోలేదు. కొమర్రాజు లక్ష్మణరావు కుమార్తె డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ (1906–1964) వైద్యురాలు, కమ్యూనిస్టు కార్యకర్త. తరువాత విజయవాడ నుంచి రెండవ లోక్‌సభకు ఎన్నికయ్యారు. కాన్పు, శిశుపోషణ గురించి ఆమె తెలుగులో పుస్తకం రాశారు. తొలి స్త్రీల చరిత్రకారిణి అయిన మేనత్త భండారు అచ్చమాంబ పేరే ఈమెకు పెట్టారు. మేనత్త స్త్రీల చరిత్ర రాస్తే, మేనకోడలు స్త్రీల శరీరం గురించి రాసింది. ఈ రెండూ ఒకే పని అని ఆనాడు మనలో ఎందరు గుర్తించారో చెప్పడం కష్టం.

పటాన్‌చెరు, 1985

హైటెక్ సిటీ నుంచి పాత బొంబాయి రోడ్డు పట్టుకుని పడమటికి పోతే ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూగా పటాన్‌చెరు వస్తుంది. అప్పుడది మెదక్ జిల్లా. ఒక పక్క 1972లో నెలకొన్న ఇక్రిశాట్ పొలాలు, ఇంకొక పక్క మందుల కంపెనీల పొగ గొట్టాలు, మధ్యలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. 1985లో ఆ కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగం తలపెట్టారు. చుట్టుపక్కల గ్రామాల నుంచి పేద స్త్రీలను రప్పించారు. రెండు నెలలకొక సూది వేయించుకుంటే పిల్లలు పుట్టరని వారికి చెప్పారు. ఇది ఇంకా పరీక్షలో వున్న మందు అని, తాము ఆ పరీక్షలో భాగమని మాత్రం చెప్పలేదు.

ఆ మందు పనిచేసే తీరు తెలిస్తేనే ఈ చెప్పకపోవడం ఎంతటిదో అర్థమవుతుంది. స్త్రీ శరీరంలో ప్రతి నెలా ఒక లయ నడుస్తుంది. మెదడు కింది పీయూష గ్రంథి నుంచి వచ్చే హార్మోను అండాశయంలో ఒక అండాన్ని పక్వం చేస్తుంది. ఆ అండం చుట్టూ వున్న కణాలు ఈస్ట్రోజన్‌ను విడుదల చేస్తాయి. దానివల్ల గర్భాశయపు లోపొర మందమవుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ వచ్చి ఆ పొరను గర్భానికి సిద్ధం చేస్తుంది. గర్భం నిలవకపోతే రెండు హార్మోన్లూ తగ్గి పొర రాలిపోతుంది. అదే ముట్టు. ఇందులో మలినం లేదు, పాపం లేదు. మొత్తం మీద పోయే రక్తం సాధారణంగా ముప్పై నుంచి ఎనభై మిల్లీలీటర్లు.

నెట్-ఎన్ ప్రొజెస్టిరాన్ వంటి కృత్రిమ హార్మోను. 200 మిల్లీగ్రాములు కండలోకి ఎక్కిస్తే రెండు నెలల పాటు కొద్దికొద్దిగా రక్తంలోకి వస్తూ అండం విడుదలను అణచివేస్తుంది, గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురును చిక్కబరుస్తుంది. లయ తప్పుతుంది కాబట్టి కొందరికి ముట్టు ఆగిపోతుంది, కొందరికి వేళాపాళా లేకుండా రక్తం పోతుంది. మాత్ర అయితే మర్నాడు మానెయ్యవచ్చు. సూది ఒకసారి ఎక్కాక వెనక్కి తీసుకోలేము. అసలే రక్తం తక్కువగా వున్న కూలి స్త్రీకి ఇది చిన్న విషయం కాదు. ముట్టు మూడు రోజులు దాటితే గుడికీ వంటకూ దూరంగా వుంచే ఇళ్ళలో అసలే చిన్న విషయం కాదు.

1978లో హైదరాబాద్‌లో ఏర్పడిన స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు అక్కడికి వెళ్ళి, వచ్చిన స్త్రీలతో మాట్లాడారు. ఇది పరీక్ష అని, ఫలితాలు ఇలా వుండవచ్చునని వారి భాషలో చెప్పారు. విన్న తరువాత ఆ స్త్రీలలో ఎక్కువమంది సూది వేయించుకోకుండా లేచి వెళ్ళిపోయారు.

మొత్తం చరిత్రలో నాకు అతి ముఖ్యంగా తోచే దృశ్యం ఇదే. చదువులేని పల్లెటూరి ఆడవాళ్ళకు హార్మోన్ల సంగతి చెబితే ఏమర్థమవుతుందని వైద్యులు, అధికారులు అంటూ వచ్చారు. నాలాంటి ఉపాధ్యాయులు కూడా లోలోపల అలాగే అనుకున్నాం. అర్థం కావడానికి కాసేపు సరిపోయింది. లోటు వారి బుద్ధిలో లేదు, చెప్పదలచుకోనివారి బుద్ధిలో వుంది.

1986లో స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీలోని సహేలి, అహమ్మదాబాద్‌లోని చింగారి, మరికొందరు కలిసి సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. కేసు పద్నాలుగేళ్ళు నడిచింది. ఈ ఇంజెక్షన్‌ను మూకుమ్మడిగా జాతీయ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో ప్రవేశపెట్టబోమని ప్రభుత్వం చెప్పిన మీదట 2000లో అది ముగిసింది. ఆ తరువాత 2017లో అంతర అనే పేరుతో వేరొక హార్మోన్ ఇంజెక్షన్‌ను, మూడు నెలలకొకసారి వేసేదాన్ని, ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రవేశపెట్టారు. ఇంజెక్షన్ కోరుకునే స్త్రీలు కూడా వుంటారు. అది వారి హక్కు. తెలిసి కోరుకున్నారా, తెలియక చెయ్యి చాచారా అన్నదే పటాన్‌చెరు వేసిన ప్రశ్న. మందు పేరు మారినంత మాత్రాన ఆ ప్రశ్న పాతబడదు.

ప్రశ్నల పుస్తకం, నీలి కవిత్వం

పిటిషన్ వేసిన 1986లోనే స్త్రీశక్తి సంఘటన తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల అనుభవాలను 'మనకు తెలియని మన చరిత్ర' పేరుతో ప్రచురించింది. పోరాటంలో తుపాకీ పట్టిన స్త్రీ, దళంలో ముట్టు వచ్చినప్పుడు, గర్భం నిలిచినప్పుడు, కన్నబిడ్డను వదులుకోవలసి వచ్చినప్పుడు ఏమి పడిందో చరిత్రగా రాయాలన్న ఆలోచన అప్పటిదాకా మన అభ్యుదయ చరిత్రకారులకు రాలేదు. చరిత్రలో మనకు తెలియనిదీ శరీరంలో మనకు తెలియనిదీ ఒకే కారణం చేత తెలియకుండా పోయాయని ఆ స్త్రీలు గ్రహించారు.

1991లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 'సవాలక్ష సందేహాలు' ప్రచురించింది. అమెరికాలోని బోస్టన్ స్త్రీలు 1970లో తమ శరీరాల గురించి తామే ఒక పుస్తకం తయారుచేసుకున్న సంగతి ప్రపంచానికి తెలుసు. తెలుగు పుస్తకం దానికి అనువాదం కాదు. ఇక్కడి స్త్రీల తిండి, పని, రక్తహీనత, కుటుంబం, ఆసుపత్రి వరండాలో పడే అవమానం, ఇవన్నీ కలుపుకుని రాసిన పుస్తకం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న ఈ కృషిలో ముఖ్యులు. దీని నుంచి పెరిగిన ఇంగ్లీషు గ్రంథం 2004లో వెలువడింది. తెల్లబట్ట అంటే ఏమిటి, ఎప్పుడు మామూలు, ఎప్పుడు జబ్బు అన్నది అందులో విడమరచి వుంది. ఆ పుస్తకం నా బడికి పదమూడు మైళ్ళ దూరంలో అచ్చయింది. మా బడి గ్రంథాలయంలోకి నేను తెప్పించలేదు. నా విద్యార్థినికి అది దొరికివుంటే తెల్లబట్ట అన్న ఒక్క మాట మీద ఆమె శస్త్రచికిత్స బల్ల ఎక్కేది కాదేమో.

అదే కాలంలో కవిత్వంలోనూ ఈ విషయం ప్రవేశించింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' వంటి కవితలు వచ్చాయి. అంతకుముందు మన కవిత్వంలో గర్భం వుండేది. అయితే అది భూమాత గర్భమో, కొత్త యుగాన్ని మోసే కాలగర్భమో. పురిటి నొప్పులు విప్లవానికి ఉపమానంగా పనికివచ్చాయి గాని, పురుడు పోసుకుంటున్న మనిషి నొప్పిగా కనబడలేదు. ఈ కవయిత్రులు ఉపమానాన్ని పక్కకు తీసి ఆసుపత్రి బల్లను చూపించారు. కొందరు దాన్ని నీలి కవిత్వం అన్నారు. ఓల్గా సంపాదకత్వంలో 1993లో వచ్చిన సంకలనానికి 'నీలిమేఘాలు' అని పేరు పెట్టడమే దానికి జవాబయింది. ఆనాటి చర్చలో శరీరం గురించి రాయడం వర్గపోరాటం నుంచి దారి తప్పించడమేనన్న వాదన మన పత్రికలలోనూ వినబడింది. పటాన్‌చెరులో సూది కోసం వరుసలో నిలబడిన స్త్రీ ఏ వర్గానికి చెందినదో ఆ వాదన చేసినవారు అడిగివుండవలసింది.

సంచి తీసివేత

ఇక నా విద్యార్థిని విషయానికి వస్తాను. ఆమె ఒక్కతే అయితే దురదృష్టం అనుకోవచ్చు. 2015–16 నాటి నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 యేళ్ళ స్త్రీలలో గర్భాశయం తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. అంటే మన రెండు రాష్ట్రాలలో దేశ సగటుకు రెండింతలకు పైగా. దేశంలో ఈ శస్త్రచికిత్సలలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రులలో జరిగాయి.

గర్భాశయం తీయడం ఎప్పుడూ తప్పని నేను అనడం లేదు. క్యాన్సర్ వచ్చినప్పుడు, మందులకు లొంగని రక్తస్రావం వున్నప్పుడు, సంచి బాగా జారిపోయినప్పుడు, కాన్పు తరువాత రక్తం ఆగనప్పుడు ఆ శస్త్రచికిత్స ప్రాణం నిలబెడుతుంది. అయితే మన పల్లెలలో తెల్లబట్టకు, నడుము నొప్పికి, ముట్టు కాస్త ఎక్కువైనందుకు తీసిన సంచులు ఎన్నో. హైదరాబాద్ వైద్యులు ఎస్.వి. కామేశ్వరి, వింజమూరి ప్రకాశ్ మెదక్ జిల్లా గ్రామాలలో తిరిగి అవసరం లేని గర్భాశయ శస్త్రచికిత్సల గురించి అధ్యయనం చేసి 2009లోనే హెచ్చరించారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవారికి పెద్ద వైద్యం అందుబాటులోకి తెచ్చింది. దానితో పాటే, పేద స్త్రీ గర్భాశయం కొందరికి రాబడి లెక్కలోకి కూడా వచ్చింది. శస్త్రచికిత్సకు డబ్బు వస్తుంది, మందు బిళ్ళతో తగ్గే ఇన్ఫెక్షన్‌కు రాదు, పక్కన కూర్చోబెట్టుకుని పదినిమిషాలు చెప్పినందుకు అసలే రాదు. లాభం కోసం నడిచే వైద్యంలో వివరణకు ధర లేదు.

కారణం ఇదొక్కటే కాదు. కూలికి పోయే స్త్రీకి ముట్టు ఒక భారం. మరుగుదొడ్డి లేదు, గుడ్డ మార్చుకునే చోటు లేదు. చిన్న వయస్సులోనే పెళ్ళి, ఇరవై అయిదేళ్ళు నిండకుండానే ఇద్దరు పిల్లలూ కు.ని. ఆపరేషనూ అయిపోతాయి. ఆ తరువాత సంచి పనికిరాని వస్తువన్న మాట అత్తా, ఆడపడుచూ, ఆర్.ఎం.పి. డాక్టరూ అందరూ అంటారు. వైద్యుడు వేసే భయం అప్పటికే సిద్ధం చేసిన నేలలో పడుతుంది.

"సంచి అంటే పిల్లల కోసమే గద" అన్న ప్రశ్నకు జవాబు ఇది. అండాశయాలకు రక్తం రెండు దారుల్లో వస్తుంది: నేరుగా పెద్ద ధమని నుంచి ఒకటి, గర్భాశయ ధమని శాఖ నుంచి ఇంకొకటి. గర్భాశయం తీసేటప్పుడు రెండవ దారిని కట్టివేస్తారు. అందుచేత అండాశయాలను వదిలిపెట్టినా, కొందరిలో అవి ముందుగానే ఉడిగిపోతాయి. చాలామందికి గర్భాశయంతో పాటు అండాశయాలను కూడా తీసివేశారు. అలాగైతే ముట్లుడగడం శస్త్రచికిత్స జరిగిన రోజే మొదలవుతుంది. ఈస్ట్రోజన్ పిల్లల కోసం మాత్రమే కాదు. ఎముకను కరిగించే కణాలను అది అదుపులో పెడుతుంది. అది తగ్గితే ఎముక పలచబడుతుంది. మెదడులో శరీరపు వేడిని నియంత్రించే కేంద్రం దాని మీద ఆధారపడుతుంది. అందుకే ఆ సెగలు. ఇరవై యెనిమిదేళ్ళకు సంచి తీస్తే, యాభై యేళ్ళకు రావలసిన ముసలితనం ముప్పైలలోనే రావచ్చు. ఆ శరీరంతో బకెట్లు మొయ్యాలి, నేల తుడవాలి.

క్యాన్సర్ మాట కూడా చెప్పుకోవాలి. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్‌కు దాదాపు ఎల్లప్పుడూ కారణం హెచ్‌పీవీ అనే వైరస్ అని నిర్ధారించినందుకు హారాల్డ్ సుర్ హాసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. దాన్ని ముందే పట్టుకునే పరీక్షలున్నాయి, నివారించే టీకా వుంది. ఆ టీకా మన దగ్గరికి వచ్చిన తీరు చూడండి. 2009 జూలైలో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ బాలికలు సుమారు 14,000 మందికి ఒక అధ్యయనం పేరుతో వేశారు. అందులో గిరిజన హాస్టళ్ళ పిల్లలు చాలామంది. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు చేసిన సమ్మతి పత్రాలు బయటపడ్డాయి. కొందరు బాలికలు చనిపోయిన వార్తలతో 2010 ఏప్రిల్‌లో అధ్యయనాన్ని ఆపివేశారు. మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ సంఘం చెప్పింది. సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. మంచి మందును కూడా చెప్పకుండా ఇస్తే ప్రజలలో మిగిలేది అనుమానమే. పటాన్‌చెరు పాఠం పాతికేళ్ళకు కూడా నేర్చుకోలేదు.

అనవసర గర్భాశయ శస్త్రచికిత్సలపై 2013లో దాఖలైన కేసులో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు ఇచ్చింది. కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలను మూడు నెలలలోగా అమలులోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. తీర్పు మంచిదే. నా విద్యార్థినికి ఆ తీర్పు వచ్చిన సంగతి తెలియదు.

సైబరాబాద్

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. బండలూ తుప్పలూ వున్న చోట అద్దాల భవనాలు లేచాయి. వాటి వెంబడే కార్పొరేట్ ఆసుపత్రులు, ఆ వెనక సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు. ఇక్కడ పనిచేసే అమ్మాయిలు చదువుకున్నవారు, స్వంత సంపాదన వున్నవారు. ఇక్కడైనా జ్ఞానం స్త్రీ చేతికి వచ్చివుంటుందని నేను అనుకున్నాను.

మా చెల్లెలి కూతురు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. వయస్సు ముప్పై ఒకటి. ఒకనాడు నా గదిలోకి వచ్చి కొన్ని కాగితాలు ఇచ్చింది. "పెద్దమ్మా, సంతకం పెట్టేముందు ఒకసారి చూస్తావా? నాకు సగం అర్థం కాలేదు." అండాలను శీతలీకరించి దాచుకునేందుకు సమ్మతి పత్రం. పేజీలకు పేజీలు ఇంగ్లీషులో. ప్రతి పేజీ కింద సంతకానికి చోటు. ఎంత డబ్బు కట్టాలో స్పష్టంగా వుంది. పది పన్నెండు రోజుల పాటు రోజూ హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చి, నెలకు ఒకటిగా పక్వం కావలసిన అండాలను ఒకేసారి అనేకం పక్వం చేస్తారని, యోని గోడ గుండా సూది పంపి వాటిని తీస్తారని, కొందరిలో అండాశయాలు ప్రమాదకరంగా ఉబ్బుతాయని, దాచిన ప్రతి అండమూ బిడ్డ కాదని, వయస్సు పెరిగినకొద్దీ ఆ అవకాశం తగ్గుతుందని చిన్న అక్షరాలలో ఎక్కడెక్కడో వుంది. వేల పంక్తుల ప్రోగ్రాము తప్పుల్లేకుండా రాయగల పిల్లకు తన అండాశయాలు కొత్త అండాలను తయారుచెయ్యవని తెలియదు. ఆమె బడిలోనూ ఆ పాఠం ఎవరో ఇంట్లో చదువుకోమన్నారు.

ఆమె దాచుకోవడం తప్పని నేను చెప్పలేదు. చెప్పే హక్కు నాకు లేదు. ఎందుకు దాచుకోవాలనుకుంటున్నావని మాత్రం అడిగాను. ప్రమోషన్ వచ్చేదాకా ఆగాలి అంది. 2014లో అమెరికాలో ఫేస్‌బుక్, యాపిల్ సంస్థలు ఉద్యోగినులకు అండాలు దాచుకునే ఖర్చు భరిస్తామన్నప్పుడు దాన్ని స్త్రీ స్వేచ్ఛ అని కొందరు మెచ్చుకున్నారు. పని గంటలను శరీరానికి తగినట్టు మార్చడం కన్నా, శరీరాన్ని పని గంటలకు తగినట్టు గడ్డకట్టించడం పెట్టుబడికి చౌక. ఇరవై ఆరు వారాల ప్రసూతి సెలవు ఇచ్చిన 2017 చట్టం ఆ ఖర్చంతా యజమాని మీదనే వుంచింది. కాబట్టి పెళ్ళయిన అమ్మాయిని ఉద్యోగంలోకి తీసుకోవడానికి యజమాని వెనకాడే పరిస్థితి తొలగలేదు.

ఈ వెలుగుల పక్కనే చీకటి కూడా వుంది. 2017లో బంజారాహిల్స్‌లోని ఒక ఆసుపత్రిపై దాడి చేసిన అధికారులకు ఇతరుల బిడ్డలను మోస్తున్న పేద స్త్రీలు నలభైమందికి పైగా ఒకే భవనంలో కనబడ్డారు. 2021 చట్టం డబ్బుకు గర్భం మొయ్యడాన్ని నిషేధించింది. అండదాత జీవితంలో ఒక్కసారే, ఏడు అండాలకు మించకుండా ఇవ్వాలని అదే యేడు వచ్చిన మరొక చట్టం నిర్దేశించింది. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే రోజు 34 మంది స్త్రీలకు కు.ని. శస్త్రచికిత్సలు చేస్తే నలుగురు చనిపోయారు. ఇబ్రహీంపట్నం, హైటెక్ సిటీ ఒకే రంగారెడ్డి జిల్లాలో వున్నాయి. ఒక కొసన పిల్లలను వాయిదా వెయ్యడానికి లక్షలు, ఇంకొక కొసన పిల్లలను ఆపడానికి ప్రాణాలు.

మధ్యతరగతి స్త్రీకీ పేద స్త్రీకీ జరిగేది ఒకటేనని నేను అనను. ఒకరికి ప్రశ్న అడగడానికి పెద్దమ్మ వుంది, వద్దనుకుంటే లేచి రావడానికి కారు వుంది. ఇంకొకరికి అప్పుచేసి కట్టిన అడ్వాన్సు వుంది. అయినా ఒక విషయంలో ఇద్దరూ సమానం: ఇద్దరిచేతా సంతకం పెట్టించుకున్నారు, ఇద్దరికీ చెప్పలేదు. 2019–21 సర్వేలో తెలంగాణలో కాన్పులలో 60.7 శాతం కడుపుకోతలే అని తేలడానికి వెనక కూడా ఈ మౌనమే వుంది. జనాభా మొత్తం మీద పది శాతం దాటాక అవి పెరిగినంత మాత్రాన తల్లీబిడ్డల మరణాలు తగ్గవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది.

బాకీ

విజ్ఞానశాస్త్రం ప్రజలపరం కావాలని మనం ఎన్నో తీర్మానాలు చేసుకున్నాం. గ్రహణం గురించి, చేతబడి గురించి ఊరూరా చెప్పాం. స్త్రీ పొత్తికడుపులో ఏముందో చెప్పడానికి మాత్రం మన కళాజాతాలలో పాట లేదు. ఆ పని చెయ్యడానికి పెద్ద సాధనాలు అక్కరలేదని పటాన్‌చెరు నిరూపించింది. నిజం చెప్పే మనిషి, వినేవారి భాష, కాసింత సమయం వుంటే చాలు.

మొన్న ఆదివారం నా విద్యార్థిని తన కూతురిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు పదవ తరగతి. పాత క్యాలెండరు వెనక పక్కన గర్భాశయం, నాళాలు, అండాశయాలు, రక్తం వచ్చే రెండు దారులు గీసి తల్లీకూతుళ్ళిద్దరికీ చెప్పాను. నా చెల్లెలి కూతురు కూడా వచ్చి కూర్చుంది. తల్లి ఆ రెండవ దారి మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. "గిది కట్టేసిన్రా నాకు?" అంది. అవునన్నాను. కాగితం మడిచి కూతురి సంచిలో పెట్టింది.

ఎముకల పరీక్షకు ప్రభుత్వ ఆసుపత్రికి నేనూ వెంట వస్తానన్నాను. ఆమె బడి విడిచి ఇరవై యేళ్ళు దాటాక చెప్పిన పాఠం అది. ఆమె కూతురి విషయంలోనైనా ఆలస్యం కాలేదు.